డబుల్ గ్లాస్ కిటికీ హ్యాండిల్ మార్చేటప్పుడు చూసుకోవలసిన కొలతలు

విజయవాడలో బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు వంటి రద్దీ దారుల పక్కనున్న అపార్ట్‌మెంట్లలోనూ, గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వీధుల్లో కొత్తగా లేచిన కట్టడాల్లోనూ, వాహనాల రొదను, మే నెల ఎండను కొంతైనా బయటే ఆపాలన్న ఉద్దేశంతో రెండు అద్దాల యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు పెట్టించుకున్నవారు ఇప్పుడు చాలామందే కనిపిస్తారు. ఆ కిటికీల్లో అద్దమూ చట్రమూ ఏళ్ల తరబడి నిలుస్తాయి. రోజూ చేయి పడే హ్యాండిల్ మాత్రం వాటికంటే ముందే వదులవుతుంది, రంగు పోతుంది, ఒక్కోసారి పిడి దగ్గరే విరిగి చేతిలోకి వస్తుంది. దాన్ని విప్పి కొత్తది బిగించడం చిన్న పనే గాని, సరైనదాన్ని ఎంచుకోవడం మాత్రం చిన్న పని కాదు. షాపులో పక్కపక్కన వేలాడే రెండు తెల్ల హ్యాండిళ్లు ముందు నుంచి చూస్తే అచ్చం ఒకేలా ఉన్నా, వెనకనున్న కడ్డీ పొడవులో అయిదు మిల్లీమీటర్ల తేడా ఉంటే, వాటిలో ఒకటి మీ కిటికీకి అమరుతుంది, రెండోది అమరదు.

కొనడానికి బయలుదేరే ముందు, చెడిపోయింది నిజంగా హ్యాండిలేనా అన్నది తేల్చుకోవాలి. కిటికీ రెక్కను పూర్తిగా తెరిచి ఉంచి, ఆ స్థితిలో హ్యాండిల్‌ను మూసే వైపుకూ తెరిచే వైపుకూ తిప్పి చూడండి. గాలిలో ఉన్నప్పుడు సులువుగా తిరిగి, రెక్కను మూశాక మాత్రం బిగిసిపోతుంటే, తప్పు హ్యాండిల్‌ది కాదు. రెక్క కిందికి జారి, దాని అంచునున్న లాకింగ్ రోలర్లు చట్రం మీద వాటిని పట్టి ఉంచే కీపర్లలోకి సరిగా వెళ్లడం లేదని అర్థం. రెక్క తెరిచి ఉన్నా హ్యాండిల్ గట్టిగానే తిరుగుతుంటే హ్యాండిల్‌ను గాని, రెక్క లోపల దాగి ఆ రోలర్లను కదిపే గేరును గాని అనుమానించాలి. హ్యాండిల్ తిరుగుతున్నా అంచున రోలర్లు కదలకపోతే, చదరపు కడ్డీ అరిగిపోయి ఉండాలి, లేదా గేరు పళ్లు పోయి ఉండాలి. ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి అన్నిటికంటే తేలికైన మార్గం, అదే ఇంట్లో పక్క కిటికీకి ఉన్న అదే రకం హ్యాండిల్‌ను విప్పి ఇక్కడ పెట్టి తిప్పడం. దానితో రోలర్లు నున్నగా కదిలితే కొత్త హ్యాండిల్ చాలు. దానితోనూ కదలకపోతే కొనవలసింది గేరు. గేరు పాడైన కిటికీకి ఎంత ఖరీదైన హ్యాండిల్ బిగించినా, బలం పెట్టి తిప్పవలసి రావడంతో అదీ త్వరలోనే విరుగుతుంది.

రెక్క జారడానికీ, బిగుసుకోవడానికీ మన ప్రాంతంలో ప్రత్యేకంగా గమనించవలసిన కారణాలు రెండున్నాయి. మొదటిది బరువు. అద్దం ప్రతి మి.మీ. మందానికి చదరపు మీటరుకు 2.5 కిలోలు తూగుతుంది. అంటే 60 సెం.మీ. వెడల్పు, 120 సెం.మీ. ఎత్తు ఉన్న రెక్కలో 5 మి.మీ. అద్దం ఒకటే ఉంటే 9 కిలోలు, రెండుంటే 18 కిలోలు. ఒంటి అద్దానికి సరిపోయే ఫ్రిక్షన్ స్టేలు (రెక్క బరువును మోసే లోహపు పట్టీలు) వేసి రెండద్దాలు ఎక్కించిన కిటికీల్లో రెక్క కొన్నాళ్లకే మూల జారుతుంది. రెండోది ఎండ. యూపీవీసీ మీటరు పొడవుకు ఒక్కో డిగ్రీ వేడికి దాదాపు 0.07 మి.మీ. సాగుతుంది, ఒకటిన్నర మీటర్ల రెక్కకు చలికాలపు తెల్లవారుజాముకూ వేసవి మధ్యాహ్నానికీ నడుమ 30 డిగ్రీల తేడా వస్తే లెక్క ప్రకారం అది 3 మి.మీ. పైగా పెరుగుతుంది. లోపలి ఉక్కు పట్టీ ఆ సాగుదలను కొంత అదుపు చేసినా, పడమటి గోడకున్న కిటికీ, అందులోనూ ముదురు కలపరంగు ఫాయిల్ అంటించిన కిటికీ, మధ్యాహ్నం మూడింటికి మొండికేయడంలో వింత లేదు. కాబట్టి ఈ పరీక్షను పొద్దున ఒకసారి, ఎండ ముదిరాక ఒకసారి చేయడం మంచిది. పొద్దున సులువుగా తిరిగి మధ్యాహ్నం బిగిసే కిటికీకి కావలసింది కీపర్లను సరిచేసే పనివాడు, కొత్త హ్యాండిల్ కాదు.

హ్యాండిలే పోయిందని తేలిన తరువాత దాని రకాన్ని గుర్తించాలి. జరిపే కిటికీలైతే, అంటే మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే స్లైడింగ్ కిటికీలైతే, వాటికి ఉండేది నెలవంక ఆకారపు లాకో, నొక్కితే పడే టచ్ లాకో అయి ఉంటుంది. వాటికి స్క్రూ రంధ్రాల మధ్య దూరం, కొక్కెం ముందుకు పొడుచుకు వచ్చే కొలత, ఈ రెండూ పాతదానితో కలిస్తే చాలు. పాత అల్యూమినియం కిటికీల్లో ముక్కులాంటి మొన చట్రం మీదికి ఎక్కి పట్టే హ్యాండిళ్లు ఉంటాయి. వాటిలో ఆ మొన అడుగుకూ హ్యాండిల్ బేస్‌కూ మధ్యనున్న ఎత్తు కీలకం. కొన్ని అల్యూమినియం కిటికీల హ్యాండిళ్లకు వెనక చదరపు కడ్డీ బదులు రెండు పళ్ల ఫోర్కు ఉంటుంది, దాని స్థానంలో మరొకటి నప్పదు. ఇక తలుపులాగా తెరుచుకునే యూపీవీసీ కిటికీలకు ఉండేది చదరపు కడ్డీ, అంటే స్పిండిల్ ఉన్న హ్యాండిల్. కొలతల్లో ఎక్కువమంది పొరపడేది దీని దగ్గరే కనుక ఇకమీద చెప్పేదంతా దీని గురించే.

ముందు పాత హ్యాండిల్‌ను విప్పాలి. దాని స్క్రూలు బయటికి కనిపించవు. కొన్నిటిలో హ్యాండిల్‌ను అడ్డంగా తిప్పితే, పిడి కింద దాగిన రెండు స్క్రూలు బయటపడతాయి. మరికొన్నిటిలో బేస్ మీది మూతను గోటితో కొద్దిగా పైకెత్తి పక్కకు తిప్పాలి. మూత రాకపోతే స్క్రూడ్రైవర్‌తో బలంగా ఎత్తకండి, చట్రం మీద గీత పడితే అది పోదు. కిటికీ మూసి ఉండగానే హ్యాండిల్ విరిగిపోయినట్లయితే కంగారు పడనక్కర లేదు: విరిగిన దాని బేస్ విప్పి, పక్క కిటికీ హ్యాండిల్‌ను ఆ రంధ్రంలో పెట్టి మెల్లగా తిప్పితే రెక్క తెరుచుకుంటుంది.

విప్పిన హ్యాండిల్‌ను బల్ల మీద బోర్లా పెట్టి మూడు కొలతలు తీసుకోవాలి. రెండు స్క్రూ రంధ్రాల నడుమ, ఒకదాని మధ్య నుంచి మరొకదాని మధ్యకు, యూపీవీసీ కిటికీ హ్యాండిళ్లలో మామూలుగా 43 మి.మీ. ఉంటుంది. స్పిండిల్ చదరపు ముఖం మందం మామూలుగా 7 మి.మీ.; తలుపు హ్యాండిళ్లకు వాడే 8 మి.మీ. కడ్డీ కిటికీ గేరు రంధ్రంలో దూరదు, కనుక షాపులో ‘యూపీవీసీ హ్యాండిల్’ అని మాత్రమే అడగకుండా ‘కిటికీ హ్యాండిల్’ అని స్పష్టంగా చెప్పాలి. ఈ రెండూ దాదాపు అన్ని బ్రాండ్లలోనూ కలిసే కొలతలే కాబట్టి ఎక్కువ ఇబ్బంది పెట్టవు.

ఇబ్బంది పెట్టేది మూడోది, స్పిండిల్ పొడవు. దీన్ని కడ్డీ మొత్తం పొడవుగా కాక, బేస్ అడుగు నుంచి బయటికి పొడుచుకు వచ్చిన భాగం కొన వరకు కొలవాలి. రెక్క ప్రొఫైల్ (రెక్క అంచుల యూపీవీసీ పట్టీ) మందాన్ని బట్టి ఇది ఒక్కో తయారీదారు కిటికీలో ఒక్కో విధంగా ఉంటుంది; బజారులో 20 మి.మీ. లోపు నుంచి 40 మి.మీ. పైదాకా దొరుకుతాయి. కడ్డీ పొట్టిదైతే గేరు రంధ్రంలోకి సగమే వెళ్తుంది. మొదట్లో బాగానే తిరిగినట్లు అనిపించినా, బలమంతా ఆ కొద్దిపాటి అంచు మీదే పడి గేరు రంధ్రం గుండ్రంగా అరిగిపోతుంది. అప్పుడు హ్యాండిల్ ఖర్చుకు గేరు ఖర్చు కూడా తోడవుతుంది. కడ్డీ పొడవు ఎక్కువైతే బేస్ చట్రానికి ఆనకుండా పైకి లేచి నిలుస్తుంది, ఆ సందును స్క్రూలతో లాగి బిగిస్తే బేస్ వంగి హ్యాండిల్ గట్టిపడుతుంది. కచ్చితమైన కొలత దొరకనప్పుడు రెండింటిలో పొడవుదాన్నే కొనడం మేలు. దాన్ని యాక్సా బ్లేడుతో కోసి, కొనను ఆకురాయితో సాపు చేసుకోవచ్చు. పొట్టిదాన్ని మాత్రం ఏమీ చేయలేము. టేపుతో ఒక మి.మీ. అటూ ఇటూ పోయే అవకాశం ఉంది కనుక వెర్నియర్ కాలిపర్ దొరికితే దానితోనే కొలవండి.

హ్యాండిల్ ఆకారంలో కూడా ఒక మెలిక ఉంది. కొన్ని పిడులు బేస్‌కు నిటారుగా ఉంటాయి. కొన్ని ఒక పక్కకు వంగి ఉంటాయి, వాటిలో కుడి ఎడమలు వేరువేరు. ఇంటి లోపల నిలబడి మూసిన కిటికీని చూస్తూ పాత పిడి ఎటు వంగి ఉందో ఫొటో తీసుకుంటే షాపులో వాదన ఉండదు. నిటారుదైతే రెండు వైపులా పనికొస్తుంది. టిల్ట్ అండ్ టర్న్ కిటికీలకు పిడి మూడు స్థానాల్లో ఆగాలి: కిందికి ఉంటే మూత, అడ్డంగా ఉంటే తెరవడం, పైకి ఉంటే రెక్క పై అంచు లోపలికి వాలడం. మామూలు కిటికీ హ్యాండిల్ తొంభై డిగ్రీలకే ఆగిపోతే ఇక్కడ పనికిరాదు.

పరదేశపు కేటలాగుల్లో కనిపించని చిక్కు మన ఇళ్లలో మరొకటి ఉంది. బయటికి తెరుచుకునే కిటికీకి ఇనుప గ్రిల్ లోపలి వైపే ఉంటుంది, లేకపోతే దోమల మెష్ రెక్క లోపలి వైపు ఉంటుంది. కొన్ని ఇళ్లలో రెండూ ఉంటాయి. అందుచేత హ్యాండిల్ చట్రం నుంచి ఎంత ముందుకు వస్తుందో చూడకుండా కొంటే, మెష్ రెక్క పూర్తిగా మూసుకోదు, లేదా పిడి తిప్పేటప్పుడు గ్రిల్ ఊచకు తగులుతుంది. చట్రం ముఖం నుంచి మెష్ వరకు ఉన్న ఖాళీని కొలిచి, హ్యాండిల్ పొడుపు దానికంటే తక్కువ ఉన్నదే ఎంచుకోండి. ఊచల మధ్య చేయి దూర్చి తిప్పవలసిన చోట మరీ పొడవాటి పిడి కంటే, వేళ్లకు పట్టు దొరికే పొట్టి పిడి అనుకూలంగా ఉంటుంది. ఇంట్లో వేళ్ల నొప్పులున్న పెద్దవారు ఉంటే మాత్రం పొడవు పిడికే మొగ్గు చూపాలి, ఎందుకంటే పిడి పొడవు పెరిగేకొద్దీ తిప్పడానికి కావలసిన బలం తగ్గుతుంది.

లోహం విషయంలో షాపువారి మాట కంటే మీ చేతి అంచనా ఎక్కువ ఉపయోగపడుతుంది. చవక రకాల్లో పోత పోసిన జింకు మిశ్రమం మీద రంగు పూత ఉంటుంది. మంచి పూత ఉన్న జింకు హ్యాండిల్ ఇంటి లోపల చక్కగా మన్నుతుంది, పలుచని మెరుపు పూత ఉన్నది మాత్రం పొక్కులు లేస్తుంది. అల్యూమినియం తేలిక, తుప్పు పట్టదు. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకం విజయవాడ, గుంటూరు పట్టణాలకు చాలు. బాపట్ల, సూర్యలంక వైపు ఉప్పుగాలి తగిలే ఇంటికైతే 316 అడగాలి. చిన్న అయస్కాంతాన్ని వెంట తీసుకెళ్లండి: జింకు, అల్యూమినియం దానికి అంటుకోవు, 304 రకం కూడా అంటుకోకపోవడమో కొద్దిగా అంటుకోవడమో జరుగుతుంది, గట్టిగా పట్టిందంటే పైన మెరుపు పూత పూసిన మామూలు ఇనుమేనని అనుమానించవచ్చు. పెట్టె మీద యూరప్ ప్రమాణం ఈఎన్ 1670 గ్రేడు ఉంటే చూడండి. గ్రేడు 3 అంటే 96 గంటలు, గ్రేడు 4 అంటే 240 గంటలు ఉప్పునీటి పొగలో పరీక్షకు నిలిచినది. అయితే ఏ గ్రేడైనా బాత్‌రూము టైల్సు కడిగే యాసిడ్ ఆవిరి ముందు ఎక్కువకాలం నిలవదు కనుక, ఆ పని చేసేటప్పుడు కిటికీ తెరిచి ఉంచి, తరువాత హ్యాండిల్‌ను మంచినీటితో తుడవాలి.

తాళం ఉన్న హ్యాండిల్ అన్ని కిటికీలకూ అవసరం లేదు. గ్రిల్ లేని పై అంతస్తు కిటికీకి, చిన్న పిల్లలున్న ఇంట్లో, నేలంతస్తులో వీధివైపు కిటికీకి అది తప్పనిసరి అని నా అభిప్రాయం. పడకగదిలో అత్యవసరంగా బయటపడటానికి అదొక్కటే దారి అయితే మాత్రం తాళంచెవి పెద్దలకు అందే ఎత్తులో, అందరికీ తెలిసిన చోట ఉండాలి. ఒక ఇంట్లోని హ్యాండిళ్లన్నీ ఒకే తాళంచెవితో తెరుచుకునేలా ఒకేసారి కొనుక్కోవడం సుఖం.

కొనేచోట పాత హ్యాండిల్‌ను బల్ల మీద పెట్టి, కొత్తదాన్ని దాని పక్కన వెనక్కి తిప్పి పోల్చి చూడడాన్ని మించిన పద్ధతి లేదు. కిటికీలు బిగించిన ఫ్యాబ్రికేటర్ ఇంకా వ్యాపారంలో ఉంటే మొదట అతన్నే అడగండి, ప్రొఫైల్ పేరు చెబితే స్పిండిల్ కొలత అతనికి తెలిసే ఉంటుంది. తెలుపులో కూడా ఛాయలు వేరుగా ఉంటాయి కాబట్టి, ఒకే గదిలో రెండు మూడు కిటికీలుంటే అన్నిటికీ కలిపి మార్చడమో, కొత్తదాన్ని వంటగదికి పంపి అక్కడి పాతదాన్ని హాలుకు తేవడమో చేయవచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే, స్పిండిల్ పొడవు రాయని వస్తువు ఎంత అందంగా ఉన్నా వదిలేయడమే మంచిది.

బిగించేటప్పుడు రెక్కను తెరిచి ఉంచి, కొత్త పిడిని పాతది ఉన్న స్థితిలోనే పట్టుకుని కడ్డీని లోపలికి తోయండి. పాత స్క్రూలు తుప్పు పట్టకుండా, మర కొట్టుకుపోకుండా ఉంటే వాటినే వాడవచ్చు. కొత్తవి వాడితే పొడవు సరిచూసుకోవాలి. డ్రిల్ మెషిన్‌తో కాకుండా చేతి స్క్రూడ్రైవర్‌తో, రెండు స్క్రూలను మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించాలి. రంధ్రాలు కలవలేదని పనివాడు రెక్కకు కొత్త రంధ్రం వేస్తానంటే ఒప్పుకోకండి: ప్రొఫైల్ దాటి వెళ్లిన డ్రిల్ బిట్ అద్దాల జోడు అంచుకు తగిలితే అద్దం పగలవచ్చు, లేదా అంచు సీలు తెగి కొన్నాళ్లకు రెండద్దాల మధ్య ఆవిరి పట్టవచ్చు, ఆ ఆవిరిని తుడవడానికి దారి ఉండదు, అద్దాల జోడునే మార్చాలి. బిగింపు అయ్యాక రెక్క తెరిచే అయిదారుసార్లు తిప్పి, ఆ తరువాతే మూసి తిప్పి చూడండి. రోలర్లకూ కీపర్లకూ సిలికాన్ స్ప్రే కొద్దిగా కొట్టండి. కొబ్బరి నూనె వేయడం మన ఇళ్లలో అలవాటే గాని, అది రోడ్డు దుమ్ముతో కలిసి జిగురై గేరును మరింత బిగదీస్తుంది.