చలికాలం అడవిలో రాత్రి బస: చీకటి పడేలోపు చూసుకోవాల్సినవి

వానలు వెనక్కి తగ్గాయి. చెరువులు నిండుగా ఉన్నాయి, తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునేంత చలి మొదలైంది. హైదరాబాద్‌లో అటకల మీదున్న టెంట్లు కిందికి దిగేది ఇప్పుడే. శనివారం వచ్చిందంటే అనంతగిరి, నర్సాపూర్, రాచకొండ దారుల్లో బైకుల వెనక చుట్టలు చుట్టిన చాపలు, రగ్గులు కనిపిస్తాయి. ఈమధ్య టెంట్ వేసి పడుకోవడంతో ఆగకుండా, రాపిడితో నిప్పు పుట్టించడం, కత్తితో కర్ర చెక్కడం, టార్పాలిన్‌తో పందిరి కట్టడం నేర్చుకునేవాళ్లు కూడా ఎక్కువయ్యారు. మంచి సరదానే. కాకపోతే వీళ్లు చూసి నేర్చుకునే వీడియోలు తీసేవాళ్లలో చాలామంది చలిదేశాల వాళ్లు. స్కాట్లాండ్‌లో 2003లో వచ్చిన భూసంస్కరణ చట్టం పుణ్యమా అని చాలాచోట్ల ఎవరినీ అడగకుండా టెంట్ వేసుకోవచ్చు. స్వీడన్‌లోనూ అలాంటి హక్కుంది. బ్రిటన్ అడవుల్లో సహజంగా ఉండే విషసర్పం ఒకే ఒక్క రకం. మన దగ్గర చట్టమూ వేరు, పాములూ వేరు. వాళ్ల దగ్గర పనితనం నేర్చుకోండి, జాగ్రత్తలు మాత్రం మన పల్లెల్లో అడిగి తెలుసుకోండి.

నన్నడిగితే ఇక్కడ జాగ్రత్తలన్నీ ఒక్క దాని మీదే నిలబడతాయి: మధ్యాహ్నం మూడింటికల్లా చోటుకు చేరిపోవాలి. డిసెంబర్‌లో మనకు ఐదు నలభై ప్రాంతంలో పొద్దు గుంకుతుంది, ఆ తర్వాత అరగంటలో చిమ్మచీకటి. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరితే అప్పా జంక్షన్ దాటేసరికే ఏడవుతుంది, ఇక చేవెళ్ల మీదుగా అనంతగిరి చేరి సెల్‌ఫోన్ లైటులో చోటు వెతకడమంటే కోరి టెన్షన్ కొనితెచ్చుకోవడమే. ఆలస్యమైతే ఏదైనా లాడ్జిలో పడుకుని తెల్లారాక వెళ్లండి. పరువేం పోదు.

చోటు ఎవరిది?

అడవి అంటే ఎవరిదీ కాని జాగా అనుకుంటాం కానీ, ప్రతి గుట్టకూ ఒక రికార్డు ఉంటుంది. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా చొరబడటం, నిప్పు పెట్టడం 1967 నాటి అటవీ చట్టం కింద నేరం. అభయారణ్యాలు, పులుల రిజర్వులకైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా తోడవుతుంది. నల్లమలలోని అమ్రాబాద్ పులుల రిజర్వు వైపు వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా శ్రీశైలం దారి మూసేస్తారు. పోతూ పోతూ ఎక్కడో ఒకచోట ఆగి టెంట్ వేద్దాంలే అనే ఆలోచన అక్కడ పనికిరాదు. నల్లమలలో రాత్రి గడపాలనుంటే అటవీశాఖ వాళ్ల బసలు ముందే బుక్ చేసుకోవడం మేలు. అక్కడ పులుల సంగతి అటుంచి, ఎలుగుబంటితో చాలా జాగ్రత్తగా ఉండాలి. మసక వెలుతురులో పుట్టల దగ్గర తిరుగుతుంటుంది, దగ్గరగా ఎదురుపడి బెదిరిందంటే మీద పడుతుంది.

నేర్చుకోవడానికి వెళ్తున్న వాళ్లకు నా సలహా పట్టా భూమి. అడవి అంచున మామిడితోటో, బీడో ఉన్న రైతును పట్టుకుని, అడిగి, వీలైతే వాట్సాప్‌లో ఒక మాట రాయించుకోండి. కత్తి పని, ముడులు, నిప్పు పని నేర్చుకోవడానికి దట్టమైన అడవి అక్కర్లేదు. రైతును అడగడంలో ఇంకో లాభం ఉంది, అసలు ముఖ్యమైనది అదే.

పందుల కోసం పెట్టిన కరెంటు

హైదరాబాద్ చుట్టూ రాత్రిపూట చేలగట్ల మీద తిరిగేవాడు పులి కన్నా ఎక్కువగా భయపడాల్సింది బైండింగ్ వైరుకు. మొక్కజొన్న, పల్లి చేలను అడవి పందులు తవ్వేస్తుంటే కొందరు చేను చుట్టూ మోకాలి కన్నా తక్కువ ఎత్తులో పుల్లలు పాతి, సన్నటి తీగ లాగి, పైన పోయే లైనుకు కొండీ తగిలిస్తారు. అది చట్టవిరుద్ధం. అయినా ఏటా దీనివల్ల మనుషులు చనిపోతూనే ఉన్నారు, చాలాసార్లు సొంత ఊరివాళ్లే. పగలు తీగ చుట్టేసి ఉంటుంది, లేదా కరెంటు ఉండదు. చీకటి పడ్డాకే బిగిస్తారు. టార్చి వేసినా గడ్డిలో కనపడదు, తడి నేల మీద కాలికి తగిలితే అంతే.

అందుకని వెలుతురుండగానే చుట్టుపక్కల పొలాల్లో ఎవరు కనిపిస్తే వాళ్లను నేరుగా అడగండి. “అన్నా, ఇటుపక్క పందులకు కరెంటు పెడుతుండ్రా? రాత్రి మేం ఈ చెట్ల కింద ఉంటున్నం.” ఈ ఒక్క మాటతో రెండు పనులవుతాయి. తీగలు ఎక్కడున్నాయో మీకు తెలుస్తుంది, అక్కడ మనుషులున్నారని వాళ్లకు తెలుస్తుంది. దొంగలనుకుని కర్రలు పట్టుకొచ్చే ప్రమాదం కూడా తప్పుతుంది. ఇంత అడిగినా సరే, పొద్దు గుంకాక చేలలో అడుగు పెట్టొద్దు. బహిర్భూమికి వెళ్లే చోటు, కట్టెలు ఏరే చోటు పగలే చూసుకుని ఆ హద్దు దాటకండి.

టెంట్ వేసే ముందు తల పైకెత్తి చూడండి. ఎండిన కొమ్మ వేలాడుతున్న చెట్టు కింద వద్దు. పెద్ద మర్రి కొమ్మలకు, గుట్టల అంచులకు కొండ తేనెటీగల పట్లు వేలాడుతుంటాయి. వాటి కింద పొగ పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఒకవేళ లేచాయా, చేతులు ఊపకుండా మొహం కప్పుకుని దూరంగా పరుగెత్తి కారులోనో టెంట్‌లోనో దూరాలి. చెరువులో మునిగితే లాభం లేదు, తల బయటపెట్టేదాకా అవి పైనే తిరుగుతాయి. వాగు ఇసుక మెత్తగా ఉంది కదా అని అందులోనూ టెంట్ వేయకండి. పైన వాన పడితే రాత్రికి రాత్రే నీళ్లొస్తాయి.

నిప్పుతో

అందరూ ఎదురుచూసేది దీని కోసమే, ఎక్కువ నష్టం జరిగేదీ దీనితోనే. టేకు ఆకులు రాలడం మొదలయ్యాక, అంటే మన దగ్గర జనవరి చివరి నుంచి, చెట్ల మధ్య నిప్పు జోలికి వెళ్లకపోవడమే మేలు. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా కార్చిచ్చుల కాలం. ఆ రోజుల్లో గ్యాస్ స్టవ్‌తో సరిపెట్టుకోండి. నవంబర్, డిసెంబర్‌లో కూడా పొద్దున మంచుకు తడిసిన గడ్డి మధ్యాహ్నానికి పెళపెళలాడుతుంది, పొద్దుటి తడి చూసి మోసపోకండి.

మట్టి నేల చూసుకుని, చుట్టూ రెండు బారల మేర గడ్డీ ఆకులూ ఊడ్చి, మధ్యలో జానెడు లోతు గుంట తవ్వండి. వేళ్లు కనిపిస్తే చోటు మార్చండి. వేరు లోలోపలే రాజుకుని మర్నాడెప్పుడో ఇంకోచోట పైకి లేస్తుంది. బకెట్ నీళ్లు పక్కన పెట్టుకున్నాకే అగ్గిపుల్ల గీయాలి.

మన ప్రాంతపు చిక్కు ఇంకోటుంది: గ్రానైటు. గుండ్ల చాటున గాలి తగలదని అందరూ బండకు ఆనించి మంట వేస్తారు. వేడికి ఆ రాయి పొరలు పొరలుగా విచ్చి, ఒక్కోసారి ఠప్పుమని చిట్లి పెచ్చులు ఎగురుతాయి. కళ్లలో పడితే ఏంటి పరిస్థితి? వాగులోంచి తెచ్చిన తడి రాళ్లతో పొయ్యి పెట్టినా ఇదే జరుగుతుంది, లోపలి నీరు ఆవిరై పగలగొడుతుంది. పైగా బండ మీది నల్లటి మసి ఏళ్ల తరబడి పోదు. రాచకొండ గుట్టల్లో అలాంటి మరకలు ఎన్నో, వాటి పక్కనే పగిలిన బీరు సీసాలు. మందు కొట్టి కత్తి పట్టేవాళ్ల సంగతి నేనేం చెప్పను, మన జాబితాలో లేరు.

ఏ కట్టె పడితే ఆ కట్టె కాల్చకూడదు. గన్నేరు కొమ్మ నిటారుగా ఉంటుంది కదా అని దానికి మాంసం ముక్కలు గుచ్చి కాల్చొద్దు, అది నిలువెల్లా విషం, పొగ కూడా మంచిది కాదు. నల్లజీడి రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది, కాలిస్తే ఆ పొగతోనూ ముప్పే. జిల్లేడు, జెముడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కట్టెలు ఏరేటప్పుడు ముదురు రంగు నూగుతో వేలాడే కాయలు కనిపిస్తే దూరం జరగండి, అది దూలగొండి. గాలికి రాలిన ఆ నూగు కూడా గంటల తరబడి దురద పెట్టిస్తుంది. గోకకుండా ప్లాస్టర్ టేపు అంటించి లాగేస్తే చాలావరకు ఊడొస్తుంది. చెట్టు పేరు తెలియకపోతే ఇంటి నుంచే కట్టెలు పట్టుకెళ్లండి. పచ్చి చెట్టు నరకడం ఎలాగూ తప్పే కాబట్టి గొడ్డలి ఇంట్లోనే ఉండనివ్వండి.

ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, బూడిద మీద అరచేతి వెనకభాగం పెట్టి చూడండి. చల్లగా తగిలాకే కదలాలి.

కత్తి పని గురించి ఒక్క మాట. తొడ మీద పెట్టి చెక్కకండి, తొడ లోపలివైపు పెద్ద రక్తనాళం ఉంటుంది, తెగితే నిమిషాల్లో మనిషి పోతాడు. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, కత్తి బయటివైపు కదిలేలా చెక్కండి. చేయి చాచినంత దూరంలో ఎవరూ ఉండకూడదు. ముందు కొన్నాళ్లు మేడ మీద సాధన చేసి వస్తే ఇంకా మంచిది.

నీళ్లు, రాత్రి

మనిషికి రోజుకు నాలుగైదు లీటర్ల లెక్కన ఇంటి నుంచే తీసుకెళ్లండి. మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ పురుగుమందులు పోవు. వికారాబాద్ వైపు కుంటల్లోకి పత్తి చేల నీరు దిగుతుంది. నల్లగొండ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది, మరిగిస్తే అది ఇంకా చిక్కబడుతుంది. చెరువుల్లో ఈత సరదా వద్దు. మొరం తవ్విన గుంతలు నీళ్ల కింద ఎక్కడుంటాయో ఊరివాళ్లకే తెలియదు.

రాత్రికి అసలు శత్రువు కట్లపాము. నల్లగా నిగనిగలాడుతూ సన్నటి తెల్ల కట్లుంటాయి. ఎక్కువగా నేల మీద పడుకున్నవాళ్లనే కరుస్తుంది, కరిచినప్పుడు నొప్పి దాదాపు ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలైతే రాత్రి తిన్న బిర్యానీ మీద నెపం వేయకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. నక్షత్రాలు చూస్తూ బండ మీద పడుకోవాలన్న ముచ్చట ఉంటే మడతమంచం తెచ్చుకోండి. ఐదు నిమిషాలు బయటికెళ్లినా టెంట్ జిప్పు మూసే ఉంచాలి. మెతుకులు వదిలేస్తే ఎలుకలొస్తాయి, ఎలుకల వెనకే పాములు. రాత్రి లేస్తే బూట్లు దులిపి వేసుకోండి, తేళ్లు, జెర్రులు దూరేది వాటిలోనే.

పాము కరిస్తే తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏవీ వద్దు. ఉంగరాలు, గొలుసులు తీసేసి, కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, 108కి ఫోన్ చేయండి. పామును చంపి తీసుకెళ్లాల్సిన పని లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ మన ఆస్పత్రుల్లో ఇచ్చే మందు ఒకటే. ఆ మందు, వెంటిలేటర్ ఉన్న ఆస్పత్రి ఎంత దూరమో, మీ చోట సిగ్నల్ ఎక్కడ వస్తుందో పగలే కనుక్కుని ఉంచుకోండి.

చలేస్తోందని బొగ్గుల కుంపటి టెంట్‌లోకి తెచ్చుకోవడం అన్నిటికన్నా ఘోరం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ఊపిరి పోతుంది. కింది నుంచి చలి ఎక్కకుండా మందపాటి చాప వేసుకుంటే సగం బాధ తీరుతుంది.

తిరిగొచ్చాక స్నానం చేసేటప్పుడు చంకలు, నడుము పట్టీ కింద, మోకాళ్ల వెనక ఒకసారి చూసుకోండి. పొదల్లో ఉండే చిన్న నల్లి లాంటి పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. జ్వరం వెంటనే రాదు, పది రోజుల తర్వాత వస్తుంది, అప్పటికి మీరు అడవి సంగతే మర్చిపోయుంటారు. కుట్టిన చోట నల్లని పెచ్చు కడుతుంది, కొందరికి అదీ ఉండదు. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో తగ్గిపోతుంది. అందుకని ఆ రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే డాక్టర్ అడక్కపోయినా ఫలానా రోజు అడవిలో పడుకున్నామని ముందే చెప్పండి.