ప్రెయిరీ డాగ్ బొరియల దగ్గరికి వెళ్లే ముందు

ప్రెయిరీ డాగ్ అంటే కుక్క కాదు, గడ్డిమైదానాల్లో బొరియలు తవ్వుకుని గుంపులుగా బతికే ఉడుతజాతి జంతువు. మే, జూన్ నెలల్లో వాటి పిల్లలు మొదటిసారి బొరియల్లోంచి బయటికొస్తాయి. చూసి నోట్స్ రాసుకోవాలంటే ఇదే మంచి అదను. అమెరికాలో ఉండే మనవాళ్లు కూడా మౌంట్ రష్‌మోర్ ట్రిప్పులో పనిలోపనిగా సౌత్ డకోటాలోని బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్కుకు వెళ్తుంటారు. అందరికీ టెన్షన్ అక్కడి బైసన్‌లనే భారీ అడవి దున్నల గురించే. నన్నడిగితే, అసలు భయపడాల్సింది బొరియ నోటి దగ్గర.

కారణం ప్లేగు. ఫ్లీలనే రెక్కల్లేని చిన్న పురుగుల ద్వారా అది పాకుతుంది. 2008లో పార్కు పక్కనే ఉన్న కోనటా బేసిన్‌లో ప్లేగు పడి ఎన్నో ప్రెయిరీ డాగ్ కాలనీలు, అంటే వాటి బొరియల గుంపులు, ఖాళీ అయిపోయాయి. జంతువు చచ్చిపోతే ఫ్లీలు దాన్ని వదిలేసి, ఇంకో ఒంటి కోసం బొరియ నోటి దాకా వచ్చి కాచుకుంటాయి. అందుకే ఖాళీ బొరియే ఎక్కువ ప్రమాదం. కొత్త మనిషిని చూస్తే కీచుమని అరిచి గోల చేయాల్సిన కాలనీ చడీచప్పుడు లేకుండా ఉందంటే, అక్కడ ఆగకండి. పార్కువాళ్లకు చెప్పండి. చచ్చిన జంతువును కర్రతో కూడా కదపొద్దు.

బొరియ వాడుకలో ఉందో లేదో తెలుసుకోవడానికి వంగి చూడక్కర్లేదు, బైనాక్యులర్స్ చాలు. తాజా మన్ను, తాజా పెంటికలు ఉంటే వాడుతున్నట్టే. నోటికి సాలెగూడు పట్టి ఉంటే కొన్నాళ్లుగా ఏదీ తిరగనట్టు. వాన వెలిశాక ఇంకా బాగా తెలుస్తుంది: తడిమట్టిని ముక్కుతో అదిమి గట్టు కడతాయి కాబట్టి, గట్టు లోపలివైపు ముక్కు గుర్తులు వరసగా కనిపిస్తాయి. ఫొటో కావాలంటే జూమ్ చేసుకోండి. మోకాళ్లమీద కూర్చోవడం, చెయ్యి పెట్టడం అస్సలొద్దు. లోపల బ్లాక్ విడో అనే విషపు సాలీడు ఉండొచ్చు, రాటిల్‌స్నేక్ అనే విషపు పాము ఉండొచ్చు. బొరియల్లో కాపురముండే గుడ్లగూబ పిల్లలు కూడా బెదిరితే అచ్చం ఆ పాములాగే బుసకొడతాయి. ఏదో తేల్చుకోవాలని నిలబడకుండా వెనక్కి వచ్చేయండి.

పొడుగు ప్యాంటు, చీలమండ దాటే బూట్లు వేసుకుని, ప్యాంటు అంచు సాక్సుల్లోకి దోపుకోండి. పురుగులను దగ్గరికి రానివ్వని డీట్ ఉన్న మందు రాసుకోండి. గడ్డిలో గుంత కనపడక కాలు మెలికపడటం మామూలే కాబట్టి, నడుస్తూ ఫోన్ చూడకండి. పెంపుడు కుక్కను కాలనీ దగ్గరికి తేవొద్దు, ఫ్లీలను ఇంటిదాకా మోసుకొస్తుంది. ప్రెయిరీ డాగ్‌లకు పల్లీలు వేయడమూ మానండి.

బైసన్‌కు కనీసం 100 గజాల దూరం. ఉరుము వినపడితే కారెక్కండి, ఆ మైదానంలో అందరికంటే ఎత్తుగా కనపడేది మీరే. వాన పడితే పార్కులో సేజ్ క్రీక్ అనే చోటికి వెళ్లే కంకర రోడ్డు బురదవుతుంది.

తిరిగొచ్చిన వారం పదిరోజుల్లో జ్వరమొచ్చినా, చంకలోనో గజ్జల్లోనో బిళ్లలు కట్టినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్రెయిరీ డాగ్ కాలనీకి వెళ్లొచ్చామని ముందే చెప్పండి. ప్లేగుకు యాంటీబయాటిక్స్ ఉన్నాయి, కానీ త్వరగా మొదలుపెట్టాలి.