పాత స్పోర్ట్స్ బైకుకి కొత్త వెనక షాక్: బిగించాక వచ్చే తంటాలు, వాటి మూలాలు

2008లో వచ్చిన మొదటి తరం ఆర్15లు, 2011 నాటి సీబీఆర్ 250ఆర్‌లు బెజవాడ, గుంటూరు రోడ్ల మీద ఇంకా బాగానే తిరుగుతున్నాయి. ఇంజన్లకి ఢోకా లేదు. ముందు చేతులెత్తేసేది వెనక మోనో షాక్, అంటే గతుకుల దెబ్బని మింగే ఒకే ఒక్క షాక్ అబ్జార్బర్. లోపలి ఆయిల్ సత్తువ పోయి, స్పీడ్ బ్రేకర్ దాటాక బండి రెండు మూడు సార్లు ఊగుతుంది. కంపెనీ షాక్ విప్పి బాగుచేసే తీరులో ఉండదు కాబట్టి చాలామంది వైఎస్‌ఎస్ లాంటి బయటి కంపెనీ షాక్ తెప్పించుకుంటారు. ఆటోనగర్‌లో ఒక పూటలో బిగించి ఇచ్చేస్తారు.

తంటా ఆ తర్వాత మొదలవుతుంది. చెక్క మీద కూర్చున్నట్టు ఉందని ఒకరు, ఎగరేస్తోందని ఇంకొకరు, టక్‌టక్‌మంటోందని మరొకరు. అందరూ కొత్త షాక్‌నే తిడతారు. చాలా బళ్లలో షాక్ తప్పేమీ ఉండదు. తుప్పు పట్టిన లింకేజీ (చక్రం కదలికని షాక్‌కి అందించే కీలు ముక్కలు), సరిపోని పొడవు, కొలవకుండా తిప్పేసిన కాలర్ (షాక్ స్ప్రింగ్‌ని అణిచే మర రింగు), ఈ మూడింట్లో ఏదో ఒకటి దొరుకుతుంది. పాత కరిజ్మా, పల్సర్ 220 లాంటి రెండు షాకుల బళ్లకి లింకేజీ గొడవ ఒక్కటే లేదు, మిగతాదంతా వర్తిస్తుంది.

బోల్టు బయటికి రావట్లేదు

బండిని ప్యాడాక్ స్టాండ్ (వెనక చక్రాన్ని లేపి నిలబెట్టే స్టాండ్) మీద ఎక్కించి షాక్ విప్పడం మొదటి పొరపాటు. ఆ స్టాండ్ పట్టుకునేది వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్‌నే. షాక్ బోల్టు తీసిన మరుక్షణం బండి వెనక భాగం చక్రం మీదికి కూలబడుతుంది. బరువు ఫ్రేముకి ఆనాలి. పై దూలానికో చైన్ పుల్లీకో బెల్టు వేసి సీటు కింది ఫ్రేముని వేలాడదీయండి, లేదా చెక్క అడ్డంపెట్టి ఇంజన్ కింద జాకీ పెట్టండి. సైలెన్సర్ పైపు మీద మాత్రం జాకీ ఆనకూడదు.

ఇంత చేసినా బోల్టు కదలకపోతే సుత్తి తీయకండి. చక్రం బరువు ఇంకా బోల్టు మీద వేలాడుతోందన్నమాట. టైరు కింద చెక్కముక్కలు ఒక్కొక్కటే దూర్చుతూ చక్రాన్ని మిల్లీమీటరు మిల్లీమీటరుగా లేపండి. ఒక చోట బోల్టు వేళ్లతో తిప్పితే తిరుగుతుంది. అదే బరువు లేని చోటు, అక్కడ మెల్లగా లాగేయండి. కొత్త షాక్ బిగించేటప్పుడూ ఇదే పద్ధతి. కొట్టి దూర్చిన బోల్టు మర పాడవుతుంది, ఆ తర్వాత దాన్ని ఎంత బిగించినా నమ్మకం ఉండదు.

కొత్త షాక్ కన్నాల్లో కూర్చోవట్లేదు

డబ్బు కట్టేముందే పాతదాన్ని, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి నాలుగు కొలతలు చూడండి: రెండు కన్నాల మధ్య పొడవు, బుష్ (కన్నంలో బోల్టు దూరే గొట్టం) లోపలి వ్యాసం, బుష్ వెడల్పు, రాడ్ లోపలికి వెళ్లే దూరం. బుష్ వెడల్పు ఒక మిల్లీమీటరు ఎక్కువైతే లేత్ మీద తగ్గించుకోవచ్చు. తక్కువైతే రెండు పక్కలా సమానంగా స్టీలు వాషర్లు వేయొచ్చు. ఒక పక్కే వేస్తే షాక్ వంకరగా నిలబడి సీలు ఒక పక్కే అరుగుతుంది.

అందరూ వదిలేసేది నాలుగో కొలత. పొడవు సరిపోయినా రాడ్ ఎక్కువ దూరం లోపలికి వెళ్లే షాక్ అయితే, వెనక ఒకరిని ఎక్కించుకుని గుంతలో పడ్డప్పుడు టైరు మడ్‌గార్డుకి తగులుతుంది. అందుకే షాక్ పెట్టకముందు చక్రాన్ని చేత్తో పైకి లేపి, టైరుకీ సీటు కింది ప్లాస్టిక్‌కీ మధ్య ఎంత ఖాళీ మిగులుతుందో చూసుకోండి. విడి రిజర్వాయర్ (పక్కన వేలాడే చిన్న డబ్బా) ఉన్న షాక్ అయితే దాని గొట్టం చైనుకి గానీ సైలెన్సర్‌కి గానీ తగలకుండా ఎక్కడ కట్టాలో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

చిన్న గతుకుల్లో టక్ టక్ శబ్దం

కొత్త షాక్ పెట్టాకే శబ్దం వచ్చింది కాబట్టి షాక్‌దే తప్పు అనుకుంటారు. పాత షాక్ మెత్తబడిపోయి ఉన్నంతకాలం లింకేజీలోని ఆట, అంటే వదులు, బయటపడలేదు, అంతే.

పదేళ్ల బండి లింకేజీని చంపేది ఎక్కువగా వాటర్ సర్వీసింగే. గన్ పెట్టి కింది నుంచి కొట్టే నీళ్లు డస్ట్ సీలు దాటి లోపలికెళ్లి గ్రీజుని కడిగేస్తాయి. ఆ చెమ్మతో సన్నని సూదుల్లాంటి రోలర్లున్న నీడిల్ బేరింగులు తుప్పు పడతాయి. షాక్ బయట ఉన్నప్పుడే పరీక్ష చేయాలి. చక్రం తీసేసి, స్వింగ్ ఆర్మ్‌ని చేత్తో లేపి వదలండి. తన బరువుకి తానే, ఎక్కడా ఆగకుండా కిందికి దిగాలి. మధ్యలో పట్టేస్తే బేరింగు జామైనట్టు. పక్కలకి ఊపితే టిక్‌మని కదిలితే పైవట్‌లో (స్వింగ్ ఆర్మ్ తిరిగే ఇరుసు దగ్గర) ఆట ఉన్నట్టు.

లింకేజీ విప్పి లోపలి స్టీలు కాలర్ (బేరింగు సూదులు ఆనే గొట్టం, స్ప్రింగ్ కాలర్ కాదు) బయటికి లాగి చూడండి. మెరుస్తూ నున్నగా ఉంటే కిరోసిన్‌తో కడిగి, కొత్త గ్రీజు పెట్టి బిగించేయొచ్చు. కాలర్ మీద సూదులు గీసినట్టు గీతలు, వేలికి అంటుకునే ఎర్రటి పొడి కనిపిస్తే బేరింగు, కాలర్ రెండూ మార్చాలి. కాలర్ వదిలేసి బేరింగు ఒక్కటే మారిస్తే ఆ గీతలు కొత్త సూదుల్ని కొన్ని నెలల్లో తినేస్తాయి. బేరింగు ఎక్కించేటప్పుడు సుత్తి వద్దు. సరైన సైజు సాకెట్ అడ్డంపెట్టి వైస్‌లో నొక్కించండి. పాతది ఎంత లోతులో ఉందో విప్పేముందే కొలిచి రాసుకోండి. మాలిబ్డినం కలిసిన లిథియం గ్రీజు అయితే ఎక్కువ కాలం నిలుస్తుంది.

లింకేజీ బాగానే ఉండీ శబ్దం వస్తే బోల్టు బిగింపు చూడండి. ఈ బళ్లలో ఉండే 10 ఎంఎం షాక్ బోల్టుకి సాధారణంగా 40 నుంచి 50 న్యూటన్ మీటర్లు పడుతుంది, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకె ఖాయం. షాక్ కన్నంలో రబ్బరు బుష్ ఉంటే ఆఖరి బిగింపు బండి నేల మీద తన బరువుతో నిలబడ్డప్పుడే ఇవ్వాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోయి తొందరగా చిరుగుతుంది.

చెక్క మీద కూర్చున్నట్టు గట్టిగా ఉంది

ఎక్కువ గందరగోళం ఇక్కడే. స్ప్రింగ్ మీది కాలర్ బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడుతుందని మెకానిక్కులు కూడా చెబుతుంటారు. స్ప్రింగ్ గట్టిదనం దాని తీగ మందంలో, చుట్ల సంఖ్యలో ఉంది, కాలర్ దాన్ని మార్చలేదు. కాలర్ తిప్పితే మారేది మీరు కూర్చున్నప్పుడు బండి ఎంత కిందికి దిగుతుందన్నదే. ఆ దిగుడునే శాగ్ అంటారు.

కొలవడానికి ముగ్గురు మనుషులు, ఒక టేపు చాలు. యాక్సిల్‌కి (వెనక చక్రం ఇరుసుకి) నేరుగా పైన టెయిల్ ప్యానెల్ మీద మాస్కింగ్ టేపు అతికించి గీత పెట్టండి. చక్రం నేలకి ఆనకుండా లేపి, యాక్సిల్ నుంచి గీత దాకా కొలవండి. తర్వాత బండిని నేల మీద నిలబెట్టి ఖాళీగా కొలవండి. చివరగా మీరు హెల్మెట్, బ్యాగుతో సహా మామూలుగా నడిపే తీరులో కూర్చుని, కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టి కొలిపించండి. ప్రతిసారీ సీటు నొక్కి వదిలి ఒకసారి, పైకి లేపి వదిలి ఒకసారి కొలిచి సగటు తీసుకోవాలి. రాపిడి వల్ల రెండూ ఒకలా రావు.

సీబీఆర్ 250ఆర్ వెనక చక్రం ప్రయాణం, అంటే అది పైకీ కిందికీ కదిలే మొత్తం దూరం, సుమారు 104 మిల్లీమీటర్లు. మనిషితో శాగ్ అందులో మూడో వంతుకి కాస్త తక్కువగా, అంటే 28 నుంచి 33 దాకా ఉంటే రోడ్డు వాడకానికి బాగుంటుంది. ఖాళీ బండి శాగ్ 5 నుంచి 10 ఉండాలి.

ఉదాహరణకి మనిషితో 42 వచ్చింది, 32కి తేవాలి. కాలర్ మర ఒక చుట్టుకి 1.5 మిల్లీమీటర్లు కదులుతుందనుకోండి. లింకేజీ వల్ల చక్రం దగ్గర అది రెండు, రెండున్నర రెట్లు అవుతుంది, అంటే చుట్టుకి మూడు నుంచి మూడుముప్పావు మిల్లీమీటర్లు. మూడు చుట్లు బిగించి మళ్లీ కొలవండి. తిప్పేముందు మరల్ని టూత్‌బ్రష్‌తో తుడిచి ఒక చుక్క నూనె వేయాలి, లాక్ రింగు ముందు వదులు చేయాలి. రింగు పళ్లని పట్టే సీ పానా తప్ప స్క్రూడ్రైవర్, సుత్తి వాడకండి. అల్యూమినియం రింగు పన్ను ఒకసారి చితికితే ఇక ఏ పానా పట్టదు.

ఇప్పుడు అసలు తీర్పు. మనిషితో 32 వచ్చేలా పెట్టాక ఖాళీ బండి శాగ్ సున్నాకి దగ్గర పడిందా? అయితే స్ప్రింగ్ మీకు మెత్తనిది. మీ బరువుని మోయించడానికి కాలర్‌తో దాన్ని ముందే అణిచిపెట్టాల్సి వచ్చింది, అందుకే ఖాళీ బండికి దిగడానికి చోటు మిగల్లేదు. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుని ఇంకా మెత్తని స్ప్రింగ్ కొంటారు. ఖాళీ బండే 15 దాకా దిగిపోతుంటే స్ప్రింగ్ గట్టిది. రెండు కేసుల్లోనూ కాలర్‌తో కుస్తీ ఆపి స్ప్రింగ్ మార్పించండి. షాక్ ఆర్డర్ చేసేటప్పుడే మీ బరువు, వెనక ఎవరైనా ఎక్కుతారా అన్నది చెబితే ఈ ఖర్చు తప్పుతుంది.

ఎగరేస్తోంది, లేదా వరస గతుకుల్లో బిగుసుకుపోతోంది

రెండూ రీబౌండ్ నాబ్ (అణిగిన షాక్ ఎంత వేగంగా తిరిగి లేవాలో పెట్టే నాబ్) లక్షణాలే, ఒకదానికొకటి వ్యతిరేకం. కంకిపాడు వైపు వెళ్తూ స్పీడ్ బ్రేకర్ దాటగానే సీటు నడుముని పైకి తంతే రీబౌండ్ మరీ వదులు. సవ్య దిశలో రెండు క్లిక్కులు బిగించండి.

రెండో లక్షణం మోసగాడు. కృష్ణ మీది వారధి జాయింట్ల మీద ఒకే వేగంతో వెళ్లండి. మొదటి జాయింట్ మెత్తగా దాటి, నాలుగోది ఐదోది వచ్చేసరికి దెబ్బ గట్టిపడుతూ పోతే స్ప్రింగ్‌ని అనుమానించకండి. రీబౌండ్ మరీ బిగువుగా ఉండి, ఒక దెబ్బ నుంచి షాక్ పూర్తిగా లేవకముందే రెండోది తగులుతోంది. షాక్ అలా మెట్టుమెట్టుగా కిందికి కూరుకుపోతుంది. ఇక్కడ కాలర్ ముట్టుకోకుండా రీబౌండ్ రెండేసి క్లిక్కులు వదులుతూ మళ్లీ వెళ్లి చూడాలి.

క్లిక్కులు ఎప్పుడూ పూర్తిగా మూసిన చోటు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. నాబ్‌ని సున్నితంగా ఆగేదాకా మూసి, అక్కణ్నుంచి ఎన్ని తెరిచారో ట్యాంకు లోపలి పక్కన టేపు మీద రాసుకోండి. ఒకసారికి ఒకటే మార్చండి.

వెనక ఒకరు ఎక్కితే దబ్‌మని అడుగంటుతోంది

షాక్ రాడ్ చుట్టూ సన్నని జిప్ టై వదులుగా కట్టి సీలు దగ్గరికి నెట్టండి. ఇద్దరూ ఎక్కి ఒక రౌండు కొట్టాక అది రాడ్ చివరి బంప్ రబ్బరు దాకా వెళ్లిపోయిందా? అప్పుడే అడుగంటినట్టు. ఇద్దరితో తిరిగే రోజు కాలర్ రెండు చుట్లు బిగించి, రీబౌండ్ ఒక క్లిక్కు బిగించండి. అయినా తగులుతుంటే స్ప్రింగ్ మార్చాల్సిందే.

సైడ్ స్టాండ్ మీద మరీ వాలుతోంది, చైను అరుస్తోంది

షాక్ పొడవు కంపెనీదానికంటే 5 మిల్లీమీటర్లు ఎక్కువైతే బండి వెనక పది, పన్నెండు మిల్లీమీటర్లు లేస్తుంది. సైడ్ స్టాండ్ పొట్టిదైపోతుంది. హెడ్‌లైటు నేల చూపు చూస్తుంది. బండి మలుపుల్లో చురుగ్గా తిరిగినా వేగంలో హ్యాండిల్ తేలిగ్గా అనిపిస్తుంది. సర్దుబాటు ఉన్న షాక్ అయితే కింది కన్నం దగ్గర పొడవు తగ్గించండి. స్వింగ్ ఆర్మ్ కోణం మారింది కాబట్టి చైను లూజు కూడా కొత్తగా చూడాలి. ఫ్రంట్ స్ప్రాకెట్, పైవట్, యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైను గరిష్ఠంగా బిగుస్తుంది. షాక్ కింది బోల్టు విప్పి చక్రాన్ని ఆ చోటికి లేపి, అక్కడ చైను కాస్తయినా ఆడుతోందని తేల్చుకున్నాక, నేల మీద ఎంత లూజు వస్తోందో కొలిచి గుర్తుపెట్టుకోండి.

రాడ్ మీద ఆయిల్

కొత్త షాక్‌ని తుడిచి ఇరవై కిలోమీటర్లు తిరిగి రండి. రాడ్ మీద పల్చని జిడ్డు మామూలే. కారి బొట్టు కట్టినా, కింద దుమ్ము ముద్దగా పేరుకున్నా సీలు పోయినట్టే. గ్యాస్ షాక్‌ని లేత్ షాపులో విప్పించకండి. లోపల నైట్రోజన్ ఒత్తిడి మీద ఉంటుంది, తెలియకుండా వదులు చేస్తే మూత తూటాలా ఎగిరొస్తుంది.

సీలుని చంపేది ఇసుక. అందం కోసం వెనక మడ్‌గార్డు కోసేసిన బళ్లు కరకట్ట మీద వెళ్తే చక్రం విసిరే ఇసుకంతా నేరుగా రాడ్‌కే తగులుతుంది. పాత లారీ ట్యూబు ముక్కని అరచేయంత కోసి, స్వింగ్ ఆర్మ్‌కీ షాక్‌కీ మధ్య రెండు జిప్ టైలతో తెరలా కట్టండి. పది రూపాయల పని.

క్లిక్కుల అంకె ఏడాదంతా ఒకటే ఉండదు. మే నెలలో ఎండకి షాక్ కాగి ఆయిల్ పల్చబడుతుంది, జనవరిలో మంగళగిరి పొద్దుటి చలికి చిక్కబడుతుంది. సెట్టింగ్ ఎప్పుడు పెట్టినా బండిని పది కిలోమీటర్లు తిప్పి షాక్ వేడెక్కాకే పెట్టండి. ఎండాకాలానికి రీబౌండ్ ఒక క్లిక్కు బిగిస్తే సరిపోతుంది.