తెలుగు, ఒడియా రెండూ ఉండే సిగ్నేచర్ బొమ్మకు అక్షరాలు ఎలా ఎంచుకోవాలి?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు వ్యాపారం చేసేవాళ్లకు, పాఠాలు చెప్పేవాళ్లకు పేరు ఒక్క లిపిలో రాస్తే సరిపోదు. తెలుగు చదివేవాళ్లూ ఉంటారు, ఒడియా చదివేవాళ్లూ ఉంటారు, పైగా ఇంగ్లీషు కావాలి. ఈమెయిల్ చివర పెట్టుకునే సిగ్నేచర్ బొమ్మలో ఈ మూడూ ఇరుక్కుంటే ముందు దెబ్బతినేది తెలుగే, ఎందుకంటే మన ఒత్తులకు కింద చోటు కావాలి. (టెండర్లకు వాడే డిజిటల్ సంతకం వేరు, అది 2000 నాటి ఐటీ చట్టం కిందిది. ఇక్కడ చెప్పేది బొమ్మ గురించి మాత్రమే.)

మొదటి పని, మాటలు తగ్గించడం. పేరు, చేసే పని, ఊరు, ఒక ఫోన్ నంబర్ చాలు. పేరు ఒక్కటే రెండు లిపుల్లో పెద్దగా రాయండి. మిగతావి ఒక్కసారి చాలు.

తర్వాత ఫాంట్. తెలుగుకు ఒక ఫాంట్, ఒడియాకు ఇంకెక్కడిదో ఫాంట్ పెడితే ఒకటి లావుగా, ఒకటి సన్నగా కనిపిస్తుంది. ఒకే కుటుంబంలోవి తీసుకోండి. తెలుగుకు 'బాలూ తమ్ముడు 2', ఒడియాకు 'బాలూ భైనా 2' అలాంటి జత. 'అనేక్ తెలుగు', 'అనేక్ ఒడియా' మరో జత. నాకైతే అనేక్ నచ్చుతుంది, సన్నం నుంచి లావు దాకా చాలా రకాలు దొరుకుతాయి. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు గారి పేరుతో 'గిడుగు' ఫాంట్ కూడా అక్కడే ఉంది. అది శీర్షికల కోసం చేసినది కాబట్టి పేరుకు మాత్రమే వాడండి, చిరునామాకు వద్దు.

ఫాంట్ ఖాయం చేసే ముందు 'వస్త్రాలయం', 'లక్ష్మీ' అని టైప్ చేసి, బొమ్మ చివరికి ఎంత సైజులో కనిపిస్తుందో అంతే సైజులో ఫోన్‌లో చూడండి. 'స్త్రా' కింద ఉన్న రెండు ఒత్తులూ విడిగా కనబడకపోతే ఆ ఫాంట్ వదిలేయండి.

ఫొటోషాప్‌లో ఒత్తులు కిందికి చేరకుండా విడిపోతుంటే ఫాంట్‌ను తిట్టకండి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగంలో 'వరల్డ్-రెడీ లేఅవుట్' కనిపిస్తే అది ఎంచుకుని, కొత్త లేయర్‌లో మళ్లీ టైప్ చేయండి. ఇంకా పాత వెర్షన్లలో దాని పేరు 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్'. ఇంక్‌స్కేప్, గింప్‌లలో ఈ టెన్షన్ ఉండదు. పెళ్లికార్డుల ప్రెస్‌లో పాత 'అను' ఫాంట్లతో కొట్టిన పేరును కాపీ చేస్తే మాత్రం పిచ్చి గుర్తులు వస్తాయి. అది యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ గుర్తించే అక్షరాల పద్ధతి) కాదు, మళ్లీ టైప్ చేసుకోవాల్సిందే.

ఇక అలంకారం. వరుసకూ వరుసకూ మధ్య ఎడం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఉంచండి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్ని తాకుతాయి. అక్షరాల మధ్య ఎడం పెంచకండి. చుట్టూ అవుట్‌లైన్ గీస్తే సున్నాలు, సుడులు పూడుకుపోతాయి. మెరూన్ మీద మెరిసే బంగారు గ్రేడియంట్ (లేత నుంచి ముదురుకు మారే రంగు) బరంపురం పట్టుచీర అంచుకు అందం, చిన్న అక్షరానికి కాదు. గ్రేడియంట్‌లో ముదురుగా ఉన్న భాగం మెరూన్‌లో కలిసిపోతుంది. దాని బదులు ఒకే లేత పసుపు పెట్టండి. వెబ్ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ నేపథ్యానికీ కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి. ఆన్‌లైన్‌లో ఉచితంగా కొలుచుకోవచ్చు.

ఒడియా పేరును ఆ భాష వచ్చినవాళ్ల చేత పైకి చదివించండి. వాళ్లు అకారాన్ని ఒకారానికి దగ్గరగా పలుకుతారు. తెలుగు అక్షరానికి బదులుగా ఒడియా అక్షరం పెడుతూ పోతే మీ పేరు మీకే కొత్తగా వినిపిస్తుంది.

బొమ్మ 600 పిక్సెళ్ల వెడల్పులో కనిపించాలంటే 1200తో తయారుచేసి పీఎన్‌జీగా సేవ్ చేయండి. జేపెగ్‌లో అక్షరాల అంచులు మసకబారతాయి. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. కొన్ని ఈమెయిల్ ప్రోగ్రాములు బొమ్మల్ని చూపించవు, అందుకని బొమ్మ కింద పేరు, నంబర్ మామూలు అక్షరాల్లో కూడా టైప్ చేసి పెట్టండి.