పొద్దున్నే పోటెత్తే ధరల పేజీ: రస్ట్‌లో సర్వర్ కట్టే విధానం

గుంటూరు మిర్చి యార్డు ధరలు చూపించే చిన్న వెబ్ అప్లికేషన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. తేజ, 334, 341, బ్యాడిగి, ఆర్మూరు, తాలు... రకానికొక కనిష్ఠ ధర, ఒక గరిష్ఠ ధర, క్వింటాలుకు ఇన్ని రూపాయలని. సెలవు రోజున ఆ పేజీ వైపు ఎవరూ తొంగిచూడరు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రం, పొద్దున్నే కొనుగోళ్లు మొదలయ్యాయంటే పల్నాడు, ప్రకాశం పల్లెల్లో కాయ కోసి కల్లంలో ఆరబోసుకున్న రైతులంతా ఒకేసారి ఫోన్లు తెరుస్తారు. చదివేవాళ్లు వేలమంది, ధర ఎక్కించేవాళ్లు అయిదారుగురు. ఈ తేడాను మొదటిరోజే డిజైన్‌లోకి తెచ్చుకోవాలి. తెచ్చుకోకపోతే రస్ట్ భాషలో రాసిన ప్రోగ్రామ్ ఎంత వేగంగా పరిగెత్తినా ఆదుకోదు.

కోడ్ ముట్టుకోకముందు కాగితం మీద ఒక లెక్క వేయండి. 20,000 ఫోన్లు ప్రతి 10 సెకన్లకోసారి ధర అడిగితే సెకనుకు 2,000 రిక్వెస్టులు. ప్రతి రిక్వెస్టూ డేటాబేస్ దాకా వెళ్లి 5 మిల్లీసెకన్లు తీసుకుంటే 2,000 × 0.005, అంటే ఏ క్షణంలో చూసినా 10 కనెక్షన్లు పనిలో ఉంటాయి. బాగానే ఉంది. ఒక ఇండెక్స్ (డేటాబేస్ త్వరగా వెతకడానికి వాడే సూచిక) మరిచిపోయి అదే క్వెరీ 50 మిల్లీసెకన్లు తీసుకుంటే? 100 కనెక్షన్లు కావాలి. మనం వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ మామూలు సెట్టింగులో ఇచ్చేవే 100, అందులోనూ 3 సూపర్‌యూజర్ కోసం పక్కన పెట్టుకుంటుంది. సర్వర్ కూలేది ఇక్కడ. కాబట్టి ధర చదివే దారిలో డేటాబేస్ అసలు ఉండకూడదు. మిగతా నిర్మాణమంతా ఈ ఒక్క నిర్ణయం చుట్టూ తిరుగుతుంది.

సామాను

రస్ట్‌ను దాని ఇన్‌స్టాలర్ రస్టప్ ద్వారా పెట్టుకోండి. వెబ్ కోసం ఆక్సమ్ 0.8 వరస, దాని కింద ఒకేసారి చాలా పనులు నడిపే టోకియో, డేటాబేస్‌కు ఎస్‌క్యూఎల్‌ఎక్స్, పరిమితులకు టవర్, టవర్-హెచ్‌టీటీపీ, జేసన్‌కు సెర్డే, లాగులకు ట్రేసింగ్. ఇంతకు మించి మొదట్లో అక్కర్లేదు. ఆక్సమ్ పాత పాఠాల్లో రూట్‌లోని (యూఆర్‌ఎల్ దారిలోని) మారే భాగానికి ముందు కోలన్ పెట్టమని ఉంటుంది. 0.8 నుంచి దాన్ని మీసాల బ్రాకెట్లలో రాయాలి. పాత పద్ధతిలో రాస్తే కంపైల్ అవుతుంది గానీ, సర్వర్ మొదలవగానే ప్యానిక్ అయి, అంటే ఎర్రర్‌తో కూలి, ఆగిపోతుంది.

టేబుల్‌లో రకం, తేదీ, కనిష్ఠం, గరిష్ఠం, నమోదైన సమయం చాలు. ధరను ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యగా) పెట్టొద్దు, పూర్ణ రూపాయల్లో ఇంటీజర్‌గా పెట్టండి. సమయాన్ని టైమ్‌జోన్ ఉన్న రకంలోనే దాచండి. సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది గనక, మన అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5:30 దాకా దానికి ఇంకా నిన్నటి తేదీయే. కొనుగోళ్లు ఆ తర్వాతే జరుగుతాయి కాబట్టి పగలు ఈ తప్పు కనపడదు. తెల్లవారుజామున నడిచే రోజువారీ లెక్కల్లో మాత్రం ఒకరోజు తేడా వచ్చి కూర్చుంటుంది.

ఎస్‌క్యూఎల్‌ఎక్స్‌లోని క్వెరీ మాక్రో కంపైల్ సమయంలోనే డేటాబేస్‌ను అడిగి కాలమ్‌ల పేర్లు, రకాలు సరిచూస్తుంది. గొప్ప సౌకర్యమే. కానీ బిల్డ్ చేసే మెషీన్‌కు డేటాబేస్ అందకపోతే బిల్డ్ ఆగిపోతుంది. అలా ఆగకుండా కార్గో ఎస్‌క్యూఎల్‌ఎక్స్ ప్రిపేర్ ఆదేశం నడిపి, అది తయారుచేసే ఫోల్డర్‌ను కూడా గిట్‌లో చేర్చండి.

ధర ఎటు నుంచి ఎటు ప్రవహించాలి

అసలు పని ఇక్కడే ఉంది, నిదానంగా చూద్దాం.

క్లర్కు కొత్త ధర పంపుతాడు. హ్యాండ్లర్ (రిక్వెస్టుకు జవాబిచ్చే ఫంక్షన్) ఒక ట్రాన్సాక్షన్ తెరిచి ధర రాస్తుంది, అదే ట్రాన్సాక్షన్‌లో వింటున్నవాళ్లకు సంకేతం పంపే పోస్ట్‌గ్రెస్ నోటిఫై ఆదేశం ఇస్తుంది, కమిట్ చేస్తుంది, అంటే మార్పును ఖాయం చేస్తుంది. దాని పని అంతే. ప్రతి సర్వర్ ప్రాసెస్‌లోనూ వేరే టాస్క్ ఒకటి ఎస్‌క్యూఎల్‌ఎక్స్‌లోని పీజీ-లిజనర్‌తో ఆ సంకేతం కోసం వింటూ ఉంటుంది. సంకేతం రాగానే ఆరోజు ధరలన్నీ డేటాబేస్ నుంచి కొత్తగా చదివి, ఒక్కసారి జేసన్‌గా మార్చి, ఆ బైట్లను టోకియో వాచ్ చానల్‌లో (తాజా విలువ ఒక్కటే ఉంచుకునే పెట్టెలో) పెడుతుంది. ఫోన్ నుంచి వచ్చిన రిక్వెస్టు ఆ చానల్‌లోని బైట్లను క్లోన్ చేసి పంపుతుంది. బైట్స్ రకాన్ని క్లోన్ చేస్తే డేటా కాపీ కాదు, రిఫరెన్స్ లెక్క ఒకటి పెరుగుతుందంతే. రిక్వెస్టుకొకసారి జేసన్ తయారుచేసే శ్రమ కూడా ఉండదు.

హ్యాండ్లరే నేరుగా చానల్‌లో ధర పెట్టేస్తే పోదా అనిపిస్తుంది. పోదు. ఇద్దరు క్లర్కులు తేజ ధరను వెంటవెంటనే మార్చారనుకోండి. డేటాబేస్‌లో మొదటిది ముందు, రెండోది తర్వాత కమిట్ అయ్యాయి. చానల్‌కు మాత్రం రెండోది ముందు చేరి, మొదటిది ఆలస్యంగా వచ్చి దాన్ని చెరిపేసింది. డేటాబేస్‌లో సరైన ధర, రైతు ఫోన్‌లో పాత ధర. లాగుల్లో ఎక్కడా తప్పు కనపడదు. క్వింటాలు మీద కొన్ని వందల తేడాతో లారీ ఎత్తించాలా వద్దా అని తేల్చుకునే మనిషికి ఇది చిన్న పొరపాటు కాదు. ప్రాసెస్‌కొక టాస్క్ మాత్రమే, అదీ డేటాబేస్ నుంచి చదివే ప్రచురించాలన్న నియమం ఉంటే ఈ సమస్య పుట్టదు. నోటిఫై సంకేతం కమిట్ అయ్యాకే బయటికి వస్తుంది కాబట్టి సగం రాసిన ధర చదివే ప్రమాదమూ లేదు.

జాగ్రత్తలు మూడున్నాయి. ఒకటి, లిజనర్ కనెక్షన్ తెగితే అది తనే మళ్లీ కలుపుకుంటుంది, కానీ ఆ మధ్యలో వచ్చిన సంకేతాలు పోయినట్టే. అందుకే సంకేతం వచ్చినా రాకపోయినా 30 సెకన్లకోసారి మళ్లీ చదివించండి. రెండు, సంకేతంలో ధర మోయించొద్దు. పేలోడ్‌కు 8,000 బైట్ల లోపే చోటు, పైగా మనకు కావలసింది చదవమనే సైగ మాత్రమే. మూడు, మధ్యలో కనెక్షన్లు పంచిపెట్టే పీజీబౌన్సర్‌ను ట్రాన్సాక్షన్ మోడ్‌లో పెడితే లిజెన్ పనిచేయదు. ఈ ఒక్క కనెక్షన్‌ను నేరుగా పోస్ట్‌గ్రెస్‌కు కలపాలి.

వాచ్ చానల్‌ను బారో చేసినప్పుడు, అంటే అందులోని విలువను అరువు తీసుకున్నప్పుడు, లోపల రీడ్ లాక్ పట్టుకుని ఉంటుంది. వెంటనే క్లోన్ చేసి వదిలేయండి. దాన్ని పట్టుకునే అవెయిట్ (వేరే పని ముగిసేదాకా ఆగే చోటు) దాటబోతే, హ్యాండ్లర్ ట్రెయిట్ అమలు కాలేదంటూ అర్థంకాని పొడుగాటి ఎర్రర్ వస్తుంది. హ్యాండ్లర్ మీద ఆక్సమ్ డీబగ్-హ్యాండ్లర్ మాక్రో తగిలిస్తే అసలు కారణం తెలుస్తుంది. జేసన్ బాడీ తీసుకునే ఆర్గ్యుమెంట్ వరసలో చివర లేకపోయినా ఇదే ఎర్రర్.

ఫోన్లకు పోలింగే, అంటే కొంతసేపటికోసారి అడగడమే మేలు. జవాబుకు 10 సెకన్ల క్యాష్-కంట్రోల్ (దాచుకుని వాడుకునే గడువు), ఒక ఈట్యాగ్ (జవాబు వెర్షన్ గుర్తు) పెట్టండి. ధర మారకపోతే 304 (మార్పు లేదు) జవాబుతో సరిపోతుంది, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే పల్లెల్లో డేటా ఆదా అవుతుంది. తెరిచి ఉంచే కనెక్షన్లు, అంటే సర్వర్-సెంట్ ఈవెంట్లు, కమీషన్ కొట్లలో గోడకు పెట్టే కొద్ది వందల స్క్రీన్లకు చాలు.

యార్డు నిండితే గేటు దగ్గరే చెప్పాలి

సీజన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) లోపల పేరుకుపోతే యార్డువాళ్లు ఏం చేస్తారు? ఉన్న సరుకు కదిలేదాకా కొత్త సరుకు తేవద్దంటారు. లారీని రోడ్డు మీద నిలబెట్టి ఎండలో ఎండబెట్టడం కంటే అదే నయం. సర్వర్ కూడా అలాగే చేయాలి. తట్టుకోలేని రిక్వెస్టును అరనిమిషం క్యూలో ఉంచి చివరికి టైమౌట్ చేయడం కంటే, వెంటనే 503 (ప్రస్తుతం సేవ అందదు) ఇచ్చి, కొన్ని సెకన్లాగి రమ్మని చెప్పడం మర్యాద.

దీనికి టవర్‌లో లోడ్-షెడ్ (తట్టుకోలేనివాటిని తిప్పిపంపే) పొర బయట, కన్‌కరెన్సీ లిమిట్ (ఒకేసారి నడిచేవాటికి పరిమితి) లోపల, దాని లోపల టైమౌట్ ఉండాలి. సర్వీస్ బిల్డర్‌లో పైన రాసింది బయటి పొర అవుతుంది. రౌటర్ మీద లేయర్‌ను విడివిడిగా పిలిస్తే మాత్రం చివర రాసింది బయటికి వస్తుంది. ఈ తేడా తెలియక చాలామంది పొరల్ని తలకిందులుగా పేరుస్తారు. లోడ్-షెడ్ ఎర్రర్ ఇస్తుంది కాబట్టి దాన్ని 503గా మార్చే హ్యాండిల్-ఎర్రర్ పొర అన్నిటికంటే పైన ఉండాలి, లేకపోతే కంపైలే కాదు. ఇంకో మెలిక: మామూలు కన్‌కరెన్సీ లిమిట్ పొర రూటుకొక విడి లెక్క పెట్టుకుంటుంది. మొత్తం అప్లికేషన్‌కు ఒకే పరిమితి కావాలంటే గ్లోబల్ కన్‌కరెన్సీ లిమిట్ వాడాలి.

ఈ పొరలు జవాబు హెడర్లు వెళ్లేదాకానే లెక్కపెడతాయి. గోడ స్క్రీన్ల స్ట్రీములు గంటల తరబడి తెరిచి ఉన్నా వీటికి కనపడవు. వాటికి విడిగా ఒక సెమఫోర్ (ఇన్నే పర్మిట్లు ఇచ్చే లెక్క) పెట్టి, దాని పర్మిట్‌ను స్ట్రీమ్ లోపలికే తరలించండి. స్ట్రీమ్ ముగిసినప్పుడు పర్మిట్ తనంతట తాను విడుదలవుతుంది. విలువకు యజమాని ఒక్కరే అనే రస్ట్ ఓనర్‌షిప్ నియమం మన తరఫున పనిచేసే అందమైన చోట్లలో ఇదొకటి.

డేటాబేస్ పూల్ (సిద్ధంగా ఉంచుకునే కనెక్షన్ల గుంపు) సంగతి. ఎస్‌క్యూఎల్‌ఎక్స్‌లో పూల్ గరిష్ఠం మామూలుగా 10, కనెక్షన్ కోసం ఎదురుచూసే సమయం 30 సెకన్లు. 10 ఉంచండి, 30ని 2కు తగ్గించండి. పూల్ పెంచే ముందు గుణించి చూడండి. నాలుగు ప్రాసెస్‌లకు 20 చొప్పున 80, సరిపోయింది అనుకుంటారు. కొత్త వెర్షన్ ఎక్కించేటప్పుడు పాతవి, కొత్తవి కాసేపు కలిసి నడుస్తాయి. అప్పుడు 160 కావాలి. ఏ తప్పూ లేని కోడ్ సరిగ్గా డిప్లాయ్ చేసేటప్పుడే పడిపోవడానికి కారణం తరచూ ఇదే.

క్లర్కుల లాగిన్ కూడా ఒక గండమే. పాస్‌వర్డ్ సరిచూసే ఆర్గాన్2 హ్యాష్ కావాలనే నెమ్మదిగా పనిచేస్తుంది. దాన్ని అసింక్ హ్యాండ్లర్‌లో నేరుగా పిలిస్తే, కోర్‌కొకటి చొప్పున మాత్రమే ఉండే టోకియో వర్కర్ థ్రెడ్లలో ఒకటి అంతసేపూ బిగుసుకుపోతుంది, ధరలు చదివేవాళ్లూ ఆగుతారు. దాన్ని స్పాన్-బ్లాకింగ్‌లోకి, అంటే అలాంటి పనులకు టోకియో ఉంచే విడి థ్రెడ్లలోకి పంపాలి. అక్కడితో అయిపోలేదు. ఆ థ్రెడ్ల గరిష్ఠం 512. ఆర్గాన్2 క్రేట్ మామూలు సెట్టింగులో ఒక్కో హ్యాష్‌కు 19 మెగాబైట్లు తీసుకుంటుంది. ఎవరైనా లాగిన్ పేజీ మీద పడితే 512 × 19, దాదాపు 9.5 జీబీ. ముందు 4 పర్మిట్ల సెమఫోర్ పెట్టి, తర్వాతే స్పాన్-బ్లాకింగ్ పిలవండి.

బిల్డ్, సర్వర్, ఆపడం

డీబగ్ బిల్డ్‌తో వేగం కొలవొద్దు. రిలీజ్ బిల్డ్‌లో ఎల్‌టీఓ (లింక్ సమయంలో చేసే ఆప్టిమైజేషన్) థిన్, కోడ్‌జెన్ యూనిట్లు 1 పెడితే బిల్డ్ సమయం పెరుగుతుంది, ప్రోగ్రామ్ కొంత మెరుగవుతుంది. ప్యానిక్‌ను అబార్ట్‌గా మాత్రం పెట్టొద్దు. మామూలుగా ఒక హ్యాండ్లర్ ప్యానిక్ అయితే ఆ ఒక్క కనెక్షన్ పోతుంది, అబార్ట్ పెడితే ప్రాసెస్ మొత్తం పోతుంది.

1 జీబీ మెమరీ ఉన్న చిన్న సర్వర్ మీద కంపైల్ చేయబోతే లింకింగ్ దశలో మెమరీ చాలక సిగ్నల్ 9తో చచ్చిపోవచ్చు. మీ ల్యాప్‌టాప్ మీదో సీఐలోనో (ఆటోమేటిక్ బిల్డ్ సర్వర్‌లోనో) బిల్డ్ చేసి బైనరీ ఒక్కటే పంపండి. బిల్డ్ చేసిన మెషీన్‌లోని జీలిబ్‌సీ (లినక్స్ మూల సీ లైబ్రరీ) సర్వర్‌లోని దానికంటే కొత్తదైతే బైనరీ అక్కడ మొదలే కాదు. సర్వర్‌లో ఉన్న డెబియన్ వెర్షన్ డాకర్ ఇమేజ్‌లోనే బిల్డ్ చేయడం తేలికైన దారి. జీలిబ్‌సీకి బదులు వాడే మసల్‌తో స్టాటిక్ బైనరీ చేస్తే ఈ బాధ ఉండదు గానీ, దాని మెమరీ అలకేటర్ ఎక్కువ థ్రెడ్లు ఉన్నప్పుడు నెమ్మదిస్తుంది, జేమాలక్ లాంటి వేరే అలకేటర్ కలపాలి. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కు 2022 నుంచి హైదరాబాద్ రీజియన్ ఉంది. అప్లికేషన్, డేటాబేస్ రెండూ ఒకే రీజియన్‌లో ఉండాలి, ఒకటి ముంబైలో ఒకటి హైదరాబాద్‌లో వద్దు.

లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ యూనిట్‌లో ఓపెన్ ఫైళ్ల పరిమితిని 65,536కు పెంచండి. లినక్స్‌లో మామూలుగా ఉండే 1,024 దాటితే ఆక్సమ్ చచ్చిపోదు, సెకనాగి మళ్లీ ప్రయత్నిస్తుంది. బయటికి సర్వర్ నెమ్మదించినట్టే కనపడుతుంది గనక కారణం దొరకడం కష్టం. అప్లికేషన్ ముందు ప్రాక్సీగా ఎన్‌జినెక్స్ ఉంటే దానిలో ఒక్కో యూజర్‌కు రెండు కనెక్షన్లు లెక్కలోకి వస్తాయి. స్ట్రీమ్ రూటుకు ప్రాక్సీ బఫరింగ్ ఆపేయండి, లేకపోతే ధరలు పోగుపడి ఒక్కసారిగా వస్తాయి. ఎన్‌జినెక్స్ 60 సెకన్ల నిశ్శబ్దం చూస్తే కనెక్షన్ తెంపుతుంది కాబట్టి 15 సెకన్లకొక కీప్-అలైవ్ పంపాలి.

సిగ్‌టర్మ్ (ఆగమనే సంకేతం) రాగానే ఆక్సమ్ గ్రేస్‌ఫుల్ షట్‌డౌన్ కొత్త కనెక్షన్లు ఆపి, ఉన్నవి ముగిసేదాకా చూస్తుంది. గోడ స్క్రీన్ల స్ట్రీములు ఎప్పటికీ ముగియవు! సిస్టమ్‌డీ 90 సెకన్లు చూసి బలవంతంగా చంపేస్తుంది. షట్‌డౌన్ మొదలవగానే వాచ్ చానల్ సెండర్‌ను డ్రాప్ చేయండి. రిసీవర్ల దగ్గర ఎర్రర్ వచ్చి స్ట్రీములన్నీ వాటంతటవే ముగుస్తాయి.

లోడ్ పరీక్షకు ఓహా అనే సాధనం సరిపోతుంది, వేరే మెషీన్ నుంచే నడపండి. కనెక్షన్ల సంఖ్య ఒక్కటే ఇచ్చి వదిలేస్తే, సర్వర్ నెమ్మదించినప్పుడు పరీక్ష కూడా నెమ్మదించి మంచి అంకెలు చూపిస్తుంది. సెకనుకు 2,000 అని రేటు బిగించి, లేటెన్సీ దిద్దుబాటు ఆప్షన్ పెట్టి, 10 నిమిషాలు నడిపి, 99వ పర్సెంటైల్ (నూటికి 99 రిక్వెస్టులు ముగిసే సమయం) చూడండి. తర్వాత 6,000కు పెంచండి. అప్పుడు 503లు రావాలి, వచ్చిన జవాబులు మాత్రం వేగంగానే రావాలి. పరీక్ష మధ్యలో పోస్ట్‌గ్రెస్‌ను ఆపి చూడండి. ధరలు చదవడం ఆగకూడదు, పేజీలో నమోదైన సమయం పాతబడుతున్నట్టు కనపడాలి. పరీక్షలన్నీ జనవరిలోపే ముగించుకోండి. పోస్ట్‌గ్రెస్ పెద్ద వెర్షన్ మార్పు లాంటి పనులు యార్డుకు వేసవి సెలవులిచ్చే మే నెలకు పెట్టుకోండి.