హెర్నియా ఆపరేషన్ తర్వాత మంచం మీంచి ఎలా లేవాలి?

వైజాగ్‌లో ఇళ్లకు వెళ్లి ఆపరేషన్ అయిన పేషెంట్లను చూసుకోవడం నా పని. హెర్నియా కేసులు చాలా చూశాను. డిశ్చార్జి రోజున ఇంట్లోవాళ్లు పథ్యం గురించి పది ప్రశ్నలు వేస్తారు. వంకాయ పెట్టొచ్చా, చేపలు పెట్టొచ్చా అని. మనిషిని మంచం మీంచి ఎలా లేపాలో మాత్రం ఎవరూ అడగరు. అదెవరికి రాదు? అనుకుంటారు. చాలామందికి రాదు.

సామాన్ల సంగతి గబగబా చెప్పేస్తాను. మంచం అంచున కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. గట్టి చిన్న దిండు ఒకటి. వెస్టర్న్ టాయ్‌లెట్ లేకపోతే కమోడ్ కుర్చీ. వదులు లుంగీ, డాక్టరు సపోర్టర్ (గజ్జలను పట్టి ఉంచే లోదుస్తు) రాస్తే దాని మీద లుంగీ. నేల మీద పరుపు, సోఫా రెండూ వద్దు.

ఏ రకం ఆపరేషనో కనుక్కోండి. గజ్జల్లో కోసి మెష్ (బలహీనమైన చోట కుట్టే వల) వేస్తే వంగినప్పుడు ఆ వైపు మడతలో లాగుతుంది. లాప్రోస్కోపీలో, అంటే కెమెరా గొట్టంతో చేసేదాంట్లో, కోతలు చిన్నవి, మొదటి వారాల్లో నొప్పి తక్కువ, పనిలోకీ త్వరగా వెళ్తారు. కానీ ఆపరేషన్‌లో పొట్టలోకి పంపిన కార్బన్ డయాక్సైడ్ వల్ల ఒకటి రెండు రోజులు భుజం పీకుతుంది. గుండెపోటేమోనని అర్ధరాత్రి నాకు ఫోన్లు. దానికి ఆయాసమో చెమటలో తోడైతే చెయ్యాల్సింది నాకు కాదు, 108కి. పాత కోత దగ్గర వచ్చిన పెద్ద హెర్నియాకు చేసినవాళ్లు కోలుకోవడం అందరికంటే ఆలస్యం. లేవడం కూడా వాళ్లకే కష్టం.

ఇక అసలు విషయం. ఎంవీపీ కాలనీలో ఒక ఇంటికి వెళ్లేసరికి కొడుకు ఒక చెయ్యి, కోడలు ఇంకో చెయ్యి పట్టుకుని ఉన్నారు. "ఊపిరి బిగబట్టండి మావయ్యగారూ, వన్ టూ త్రీ!" అంటోంది ఆవిడ. పెద్దాయన వెల్లకిలా పడుకున్నవాడు పడుకున్నట్టే సగం లేచి, మొహం ఎర్రబడి, "వదిలెయ్యండ్రా" అని వెనక్కి వాలిపోయాడు. రెండు రోజులు మంచం దిగనన్నాడు.

వెల్లకిలా పడుకుని నేరుగా లేస్తే బరువంతా పొట్ట కండరాల మీదే పడుతుంది. ఊపిరి బిగబడితే లోపలి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మెష్ అంత తేలిగ్గా ఊడదు, ఆ భయం పెట్టుకోకండి. నొప్పితో మనిషి జడుసుకుంటాడు, అదీ గొడవ. జడిసినవాడు నడవడు. నడవకపోతే మలబద్ధకం, కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు.

ముందు రెండు మోకాళ్లూ మడిచి పాదాలు పరుపు మీద ఆనించాలి. ఆపరేషన్ కాని వైపుకు తిరగాలి. భుజం, తుంటి, మోకాళ్లు ఒకేసారి, దుంగ దొర్లినట్టు. ముందు భుజం తిప్పి తర్వాత నడుము లాగితే మధ్యలో పొట్ట మెలిపడుతుంది. అందరూ తప్పేది ఇక్కడే.

పక్కకు తిరిగాక కాసేపు ఆగండి. ఆ తర్వాత కాళ్లు మంచం కిందికి జారవిడవాలి. కాళ్ల బరువే నడుమును పైకి లేపుతుంది. అదే సమయంలో కింది మోచేత్తో, పై అరచేత్తో పరుపును నొక్కుతూ, నోటితో గాలి వదులుతూ లేవాలి. మాట్లాడుతూ లేవమంటాను నేను. మాట్లాడేవాడు ఊపిరి బిగబట్టలేడు. సహాయం చేసేవాళ్లు చేతులు లాగకూడదు. భుజం వెనక అరచెయ్యి పెడితే చాలు. కూర్చున్నాక రెండు నిమిషాలు అలాగే ఉండాలి. వెంటనే నిలబడితే కళ్లు తిరుగుతాయి. పడుకునేటప్పుడు ఇదంతా తిరగేసి చెయ్యాలి.

మంచానికి చీర కట్టి పట్టుకు లేవమని కొందరు చెప్తారు. నాకు నచ్చదు. చేతులతో లాక్కున్నా పొట్ట బిగుస్తుంది.

దగ్గు వస్తే దిండును పొట్టకు అదిమి పట్టుకోవాలి. గజ్జలకైతే అరచెయ్యి చాలు. విరేచనానికి ముక్కకూడదు. ఆనపకాయ, చోడి అంబలి, నీళ్లు, డాక్టరు రాసిన మందు. 20 లీటర్ల వాటర్ క్యాన్ అంటే 20 కిలోలు, డాక్టరు సరే అనేదాకా దాని జోలికి వెళ్లొద్దు. వృషణాల సంచి నల్లగా కమిలినా కంగారు వద్దు, కొందరికి అలా అవుతుంది. జ్వరం, చీము, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బడం, మూత్రం రాకపోవడం, పిక్క వాచి నొప్పెట్టడం ఉంటే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఒక నోట్‌బుక్ పెట్టండి. మెష్ వేసినవాళ్ల జీవనం ఎలా ఉందో కొలవడానికి కరోలినాస్ కంఫర్ట్ స్కేల్ అని 23 ప్రశ్నల పద్ధతి ఉంది. పడుకోవడం, వంగడం, లేచి కూర్చోవడం, దగ్గడం, నడవడం, మెట్లెక్కడం లాంటి ఎనిమిది పనులకు నొప్పి, మెష్ తగులుతున్న భావన, కదలికలో ఇబ్బంది 0 నుంచి 5 దాకా వేసుకోవాలి. పడుకోవడానికి మాత్రం కదలిక ప్రశ్న ఉండదు. వారానికోసారి రాస్తే చాలు. "బానే ఉంది" అన్న మాటకంటే ఆ అంకెలు డాక్టరుకు ఎక్కువ చెప్తాయి. మూడు నెలలు దాటినా అంకె దిగకపోతే ఓర్చుకోకుండా చూపించుకోవాలి. నరం ఇరుక్కున్నా అలా కావచ్చు.

ఆపరేషన్ బాగా జరిగితే సింహాచలం మెట్లెక్కి వస్తామని మొక్కుకున్నవాళ్లు నాకు చాలామంది తగిలారు. ఈసారికి కొండ మీదికి బస్సులో వెళ్లండి. బస్సు సీట్లోంచి లేచేటప్పుడు కూడా ముందు గాలి వదలండి.