వృత్తిలో అలసిన ఫొటోగ్రాఫర్లకు 36 ఫొటోల నియమం
ఫొటోగ్రఫీయే జీవనోపాధి అయ్యాక కెమెరాను చూస్తేనే విసుగు పుట్టే స్థితికి చేరినవారు, ఎవరికీ అప్పగించనవసరం లేని ఫొటోల కోసం వారానికి ఒక పూట కేటాయించుకొని, 50 మి.మీ. లెన్స్ ఒక్కటే తీసుకొని బయలుదేరాలి. పాత 35 మి.మీ. ఫిల్ము రోల్‌లో సాధారణంగా 36 ఫొటోలే వచ్చేవి కాబట్టి ఆ సంఖ్యనే హద్దుగా పెట్టుకొని, కెమెరా వెనుక తెరను ఆపివేస్తే, తీసిన ప్రతిదాన్నీ వెంటనే తూకం వేసే అలవాటు మెల్లగా సడలి, చూపు తిరిగి వెలుగు మీదికి మళ్లుతుంది. అన్నింటికన్నా కష్టం ఆ తెరను ఆపడమే. నాకు దాదాపు నెల పట్టింది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ తన ఫిల్మును చాలాకాలం డెవలప్ చేయకుండా ఉంచేవారు. మనం కనీసం వారం ఆగి చూసుకోవచ్చు. వృత్తికి వాడే మెమరీ కార్డును మాత్రం ఇందుకు వాడకండి.